కాచని పొడి

పెళ్ళయి అప్పటికి నలభై రెండు రోజులు. ఎవరికీ చెప్పకుండా రోజులు లెక్కపెట్టుకునేదాన్ని. రోజుకొకటి కొత్తగా దొరికేది మరి. మా ఆయన అనుదీప్ తన కాఫీ మీది తరక తీసి నా గ్లాసులో వేస్తారని ఒకరోజు తెలిసింది. తాడేపల్లిగూడెం స్టేషన్లో రైలు కూస్తే మా మేడ మీద రెండుసార్లు వినిపిస్తుందని ఇంకోరోజు తెలిసింది. మొదటి కూత రైలుది, రెండోది స్నానాలగదిలోంచి ఈయనది.

ఆ నలభై రెండో రోజు శనివారం. ద్వారకా తిరుమలలో ఆయన తలనీలాలు ఇచ్చారు. కొడుక్కి పెళ్ళి కుదిరితే గుండు చేయిస్తానని అత్తయ్యగారు మొక్కుకున్నారట. మొక్కు ఆవిడది, జుట్టు ఈయనది.

"మీ అమ్మగారు తన జుట్టే మొక్కుకోవచ్చు కదండీ?" అన్నాను.

"నీ మొహం చూశాక ఆవిడ జుట్టు ఇచ్చినా దండగ లేదు. చూడకముందు మొక్కుకుంది, అందుకని నాది పెట్టింది" అన్నారు. ఆ మాటకి కల్యాణకట్ట మెట్ల మీద అందరి ముందూ నవ్వాను.

అసలు ఆ గుండు కోసం నేను నెల రోజులుగా ఎదురుచూస్తున్నాను. ఎందుకో చెప్పాలంటే మా కొట్టు సంగతి చెప్పాలి.

మా మామయ్యగారు వీరరాఘవులుగారిది మూలికల కొట్టు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయలు అన్నీ అమ్ముతారు గానీ కొట్టుకి పేరు తెచ్చింది మాత్రం తలనూనె. కొల్లేటి గట్ల మీద మొలిచే గుంటగలగరాకు పసరు, కొబ్బరినూనె, ఒక పొడి. ఈ మూడూ కలిపి మూడు రోజులు కాస్తారు. ఆ పొడిలో ఏమేం పడతాయో మామయ్యగారికి తప్ప ఎవరికీ తెలియదు. పైగదిలో తలుపేసుకుని, ముక్కుకి తువ్వాలు చుట్టుకుని ఆయనే దంచుతారు. ముప్పై ఏళ్ళ కాపురంలో అత్తయ్యగారు పరమేశ్వరిగారికి కూడా చెప్పలేదు. కొడుక్కి కొట్టు అప్పగించే రోజున చెప్తారట.

నేను ఏలూరులో బీఫార్మసీ చదివాను. ఆఖరి యేడు మా ప్రాజెక్టు గుంటగలగర మీదే. ఎలుకల వీపు మీద రెండు చోట్ల రూపాయి బిళ్ళంత మేర నున్నగా గొరిగి, ఒకచోట ఆకు సారం, ఇంకోచోట ఉత్త నీళ్ళు రాసేవాళ్ళం. నెల రోజులపాటు, వారానికోసారి, మొలిచిన వెంట్రుక తీసి స్కేలు పక్కన పెట్టి కొలిచేవాళ్ళం. సారం రాసినచోట రెండు మిల్లీమీటర్లు ఎక్కువ పెరిగిన రోజున క్యాంటీన్లో అందరికీ బజ్జీలు కొనిపెట్టాను.

కాపురానికి వచ్చిన వారానికే మామయ్యగారిని అడిగాను. "మన నూనెకి కూడా అలా పరీక్ష చేద్దామండీ."

"మూడు తరాల తలలున్నాయి తల్లీ మనకి. ఎలుకలెందుకూ?"

"ఆ పొడిలో ఏముంటాయో చెప్తే చాలండీ."

"ముందు ఏడాది తిరగనీ" అని నవ్వేశారు.

ఆయన కసిరి ఉంటే ఊరుకునేదాన్నేమో. నవ్వడంతో నాకు పంతం వచ్చింది. చెయ్యి చాచి అడిగే బదులు, కొలిచిన అంకెలు ఆయన ముందు పెట్టి ఆశ్చర్యపరచాలనుకున్నాను. ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు, కొట్టు వెనకాల నూనె కాచేచోట పెట్టుకునే జాడీలోంచి మూడు చెంచాల పొడి తీశాను. నూనెలో మూడు రోజులు మరిగిస్తే మూలికల సారం చచ్చిపోతుందని నా నమ్మకం. అందుకని పొయ్యి ముట్టించకుండా, ఆ పొడీ ఎండు గుంటగలగరాకూ మంచినీళ్ళలో రెండు రోజులు నానబెట్టి, వడకట్టి, చిన్న చుక్కలమందు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెరుగు గిన్నె వెనకాల దాచాను.

ఇక కావలసింది నున్నటి తల ఒకటి. దాన్ని దేవుడే ఇప్పిస్తున్నాడు.

దర్శనం తెల్లవారుజామునే అయిపోయింది. మామయ్యగారు కొండమీది కొట్లకి వేయాల్సిన నూనెసీసాలతో వ్యానులో వచ్చారు. అవి ఇచ్చేసి తీరిగ్గా దర్శనం చేసుకుంటానన్నారు. అత్తయ్యగారు రాలేదు. శనివారం కొట్టు మూయడం ఆవిడకి ఇష్టం ఉండదు. మేమిద్దరం స్కూటీ మీద కొల్లేరు వెళ్ళి, మాకు గుంటగలగరాకు తెచ్చిచ్చే అచ్చమ్మ ఊరు చూసి, దోనె ఎక్కి తిరిగి రావాలని ముందే అనుకున్నాం.

కొండ కింద చెట్టు నీడన స్కూటీ ఆపించి, ఆయన తలమీది గంధం తడిగుడ్డతో తుడిచాను. కాటుక పెన్సిల్‌తో నుదుటి నుంచి మెడ దాకా నడినెత్తిన గీత గీశాను. ఎడమవైపు కొబ్బరినూనె. కుడివైపు నా సారం. కుడివైపు కల్యాణకట్టలో కత్తి మూడు చోట్ల గీరింది, చెవి పైన ఒకటి, వెనకాల రెండు. దూదితో జాగ్రత్తగా, ఎక్కడా వదలకుండా రాశాను.

"అబ్బా, మంటగా ఉందే."

"మంటంటే రక్తం బాగా ప్రసరిస్తోందని అండీ."

"మీ ఎలుకలూ ఇలాగే మొర్రో అనేవా?"

"అవి మీలా సణిగేవి కావు."

ఆరిపోయాక ఇంకో పూత వేశాను. చల్లగా ఊదాను కూడా.

పదిన్నరకి కొల్లేటి అంచున ఉన్నాం. చెరువు గట్లు దాటాక ఒక్కసారిగా నీళ్ళూ ఆకాశమూ తప్ప ఏమీ లేవు. తెల్లకొంగలు బారులుగా లేస్తుంటే నేను చిన్నపిల్లలా చప్పట్లు కొట్టాను. అచ్చమ్మ గట్టు వాలులో కూర్చుని కొడవలితో గుంటగలగర కోస్తోంది. చిన్న చిన్న తెల్లపూలతో మొక్కలు పచ్చగా, నేలకి అంటుకుని ఉన్నాయి. ఆమె కొడుకు పోతురాజు మాకోసం దోనెలో నీళ్ళు తోడుతున్నాడు.

"రండి బాబుగారూ, రండమ్మా" అంటూ లేచి, ఆయన తల చూసి ఆగింది. "అదేంటండి, సగం నున్నగా ఉంది, సగం మసి పూసినట్టుంది?"

"మా ఆవిడ ప్రయోగం అచ్చమ్మా. ఎలుకలు దొరకలేదట" అన్నారు ఈయన.

నేను గర్వంగా చెప్పాను. "మామయ్యగారి పొడే. నీళ్ళలో నానబెట్టి సారం తీశాను."

"కాచారాండి?"

"లేదు. పచ్చిదే. కాస్తే గుణం పోతుంది."

అచ్చమ్మ చేతిలో కొడవలి ఆగిపోయింది. ఆయన తలకేసి చూసింది. తర్వాత దగ్గరికొచ్చి చెవి పైన గాటు చూసింది. దాని చుట్టూ అప్పటికే ఎర్రగా, రేగుపండంత మేర ఉబ్బి ఉంది.

"అమ్మా, అందులో గురివింద ఉంటదండి."

"ఏమిటీ?"

"గురివింద గింజండి. ఎర్రగా, నల్ల కన్నుతో ఉంటదే, కంసాలులు తూకానికి పెట్టుకునేవారు, ఆ గింజ. ఏటా ఒక డబ్బాడు నేనే ఏరి తెచ్చిస్తానండి అయ్యగారికి. ముప్పై ఏళ్ళనించీ. ఇంకెందుకండి కొంటారు, నూనెలోకి కాకపోతే? బాగా కాగితే ఇసం సచ్చిపోద్దండి. పచ్చిది పుండుకి తగిలి మా దూడ మూడోనాటికి పడిపోయిందమ్మా."

నా చెవుల్లో గుయ్ మని శబ్దం మొదలైంది. గురివింద నాకు తెలుసు. పుస్తకంలో అరపేజీ. మూడో సంవత్సరం పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న వచ్చింది, చక్కగా రాశాను కూడా. వేడికి నశించే విషం. రక్తంలో కలిస్తే అతి కొంచెం చాలు. వెంటనే ఏమీ తెలియదు, మనిషి మామూలుగా తిరుగుతాడు. గంటలు గడిచాక, ఒక్కోసారి రోజులు గడిచాక వాంతులు, నీరసం, తర్వాత ఒక్కొక్క అవయవమే. విరుగుడు లేదు. ఆ చివరి మాట కింద ఎర్రపెన్నుతో గీత గీసుకున్నాను.

వేడి చేస్తే సారం చచ్చిపోతుందని గదా కాచలేదు. చావాల్సింది చావలేదన్నమాట.

"నీళ్ళు! అచ్చమ్మా, తాగే నీళ్ళు, సబ్బు!"

ఆమె ఇంట్లోంచి క్యాను మోసుకొచ్చింది. గట్టు మీద ఆయన్ని కూర్చోబెట్టి క్యాను మొత్తం ఆ తల మీద పోశాను. సబ్బు పట్టించాను, కడిగాను, మళ్ళీ పట్టించాను. గాట్ల దగ్గర నా వేలు ఆగిపోయేది. రుద్దితే లోపలికి పోతుందా, రుద్దకపోతే ఉండిపోతుందా, ఏమీ తోచలేదు. కాటుక గీత కరిగి ఆయన ముక్కు మీదుగా కారింది.

"ఇదిగో హిమా, నాకేం లేదు. బాగానే ఉన్నాను" అంటున్నారు ఈయన.

బాగానే ఉంటారని పుస్తకంలో ఉంది. అదే నా భయం.

మామయ్యగారికి ఫోన్ చేశాను. స్విచ్చాఫ్. దర్శనానికి వెళ్ళేముందు కౌంటర్లో ఇచ్చేసి ఉంటారు. శనివారం రద్దీ. పొడిలో గింజ ఎంత పాలు ఉందో చెప్పగలిగిన ఒకే ఒక్క మనిషి ఎక్కడో వరుసలో నిలబడి గోవిందనామాలు చదువుకుంటున్నారు.

స్కూటీ నేను నడిపాను. ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని, పోతురాజు తువ్వాలుతో ఆయన్ని నా నడుముకి కట్టించుకున్నాను. "చూసేవాళ్ళు ఏమనుకుంటారే" అని ఆయన నవ్వారు. ఆ నవ్వు నా వీపుకి తగిలింది. ఎంత వెచ్చగా ఉన్నారో. మరీ వెచ్చగా ఉన్నారా?

"మాట్లాడుతూ ఉండండి. ఆపొద్దు."

"ఏం మాట్లాడనూ?"

"ఏదైనా. మన కొట్లో సరుకులు చెప్పండి."

"శొంఠి. పిప్పళ్ళు. మిరియాలు. వాము. కరక్కాయ. తానికాయ..."

ఒక్కొక్క పేరూ మెడ మీద పడుతోంటే నేను రోడ్డు చూస్తున్నాను. చేపల లారీలు ఆకివీడు వైపు వెళ్తున్నాయి, వాటి వెనక నుంచి ఐసునీళ్ళు రోడ్డు మీద చారగా కారుతున్నాయి. "అతిమధురం" అన్నాక ఆగిపోయారు.

"ఏవండీ?"

అద్దం ఆయన వైపు తిప్పాను.

"ఏవండీ!"

"ఆపు" అన్నారు. గొంతు మారిపోయింది. బండి ఆపేలోపు తువ్వాలు విప్పుకుని గట్టు పక్కకి వంగి వాంతి చేసుకున్నారు.

నేను అక్కడే, రోడ్డు మీద, బండి స్టాండు కూడా వెయ్యకుండా నిలబడిపోయాను. వాంతులు. మొదటి గుర్తు. వాచీ చూశాను. రాసి మూడు గంటలు.

"ఆ లారీ వాసనకే హిమా. పుట్టాక ఎప్పుడైనా చేపల వాసన పడిందా నాకు? కడుపులో ఏమీ లేదు, ఎండ, గుండు" అంటూ మూతి తుడుచుకున్నారు. నిజమే కావచ్చు. మా ఇళ్ళల్లో గుడ్డు పేరెత్తితేనే మా వాళ్ళకి వికారం. కానీ అది నిజమో కాదో తేల్చే దారి నాకు లేదు. ఎలుకల మీద చేసినప్పుడు పక్కన ఉత్త నీళ్ళు రాసిన చోటు కూడా ఉండేది. పోల్చి చూసుకోవడానికి. ఈయన ఒక్కరే ఉన్నారు నాకు.

మళ్ళీ ఎక్కించుకున్నాను. "అతిమధురం తర్వాత?" అని ఏడుస్తూ అరిచాను.

"అశ్వగంధ" అన్నారు చిన్నగా.

ఏలూరులో నేను చదువుకున్న రోజుల్లో తెలిసిన ఆస్పత్రికే తీసుకెళ్ళాను. డాక్టర్ అచ్యుతరావుగారు పెద్దాయన. మెడకి కళ్ళజోడు తాడు వేలాడుతుంటుంది. ఆయన ముందు నేను ఏమీ దాచలేదు. అడక్కుండా పొడి తీసిన దగ్గర్నుంచి రెండో పూత వేసిన దాకా అంతా చెప్పాను.

"లోపలికి ఏమైనా మింగాడా?"

"లేదండీ."

"తెగిన చోట్లు?"

"మూడండీ. మూడూ నేను రాసిన వైపే."

"ఎంతసేపు ఉంది తలమీద?"

"రెండు గంటల పైనే."

ఆయన వంగి గాట్లు ఒక్కొక్కటే చూశారు. తర్వాత "ఆ పొడిలో గింజ ఎంత పాలో తెలిస్తే చెప్పగలను. తెలియకపోతే ఉందనే అనుకోవాలి. రక్తం తీస్తాం, సెలైన్ పెడతాం. తర్వాత కనిపెట్టుకుని చూడ్డమే" అన్నారు.

"ఎంతసేపండీ?"

"మూడు రోజులు."

పన్నెండుంపావు అయింది. మూడు రోజులంటే డెబ్బై రెండు గంటలు.

మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను. ఆయన కుడివైపు తల ఎర్రగా కందిపోయి, చెవి పైన మూడు బొబ్బలు పొంగుతున్నాయి. ఎడమవైపు నున్నగా, శుభ్రంగా ఉంది. పరీక్ష ఎంత చక్కగా పనిచేస్తోందో.

"నేను పోతే నువ్వు..." అని ఆయన నవ్వుతూ మొదలుపెట్టారు.

నోటికి చెయ్యి అడ్డం పెట్టాను. నా చేతికి ఇంకా ఆ సారం వాసన ఉందేమోనని మళ్ళీ లాగేసుకున్నాను. ఆయన నవ్వడం మానేశారు. మొదటిసారి ఆయన కళ్ళల్లో కూడా కనిపించింది. నా భయం ఆయనకి అంటుకుంది.

"నిజంగా అంత ఉందా హిమా?" అన్నారు.

"లేదండీ" అన్నాను. పెళ్ళయ్యాక ఆయనతో ఆడిన మొదటి అబద్ధం అదే.

అచ్చమ్మా పోతురాజూ ఆటోలో వచ్చారు. అచ్చమ్మ గుమ్మం దగ్గరే నిలబడిపోయింది. "నేనే గదమ్మా ఏరి ఇచ్చింది" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

పన్నెండున్నరకి మామయ్యగారి ఫోన్. "ఏంటమ్మా, పదకొండు మిస్డ్ కాల్సు?"

"మామయ్యగారూ, ఆయన్ని ఏలూరు ఆస్పత్రిలో చేర్చామండీ. మీ పొడి తీశానండీ నేను, పచ్చిది, తలకి రాశాను. అందులో..."

"ఇష్! పొడి మాటలు ఫోన్లో వద్దు. కొట్లవాళ్ళంతా ఇక్కడే ఉన్నారు. వస్తున్నా" అని పెట్టేశారు.

మళ్ళీ చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఎత్తలేదు. కొడుకు ఆస్పత్రిలో ఉన్నాడంటే కూడా పొడి రహస్యమే ముఖ్యమా ఈ మనిషికి అని, ఆ గంటన్నరలో ఆయన్ని ద్వేషించినంతగా నా జన్మలో ఎవర్నీ ద్వేషించలేదు. అంతకన్నా ఎక్కువ నన్ను నేను ద్వేషించుకున్నాను. నర్సు బీపీ చూసిన ప్రతిసారీ అంకె అడిగి అరచేతిలో పెన్నుతో రాసుకున్నాను. నూటపద్దెనిమిది. నూటపద్నాలుగు. నూటపది. తగ్గుతోంది. "పడుకుంటే తగ్గుతుందండీ, అది మామూలే" అంది నర్సు. మామూలే అనే మాట నాకు పనికిరావడం మానేసింది.

రెండు గంటలకి మామయ్యగారు వచ్చారు. నుదుట నామం, చేతిలో ప్రసాదం సంచి. కొడుకు తల చూశారు, వంగి బొబ్బలు చూశారు, మొహం మాడ్చుకున్నారు. "మంట బాగా పుట్టి ఉంటుందిరా" అన్నారు. అంతే. అంత నిదానం.

"గురివింద ఎంత పాలండీ? చెప్పండి. డాక్టరుగారు అడుగుతున్నారు" అన్నాను.

ఆయన గుమ్మంలో ఉన్న అచ్చమ్మకేసి చూశారు. నన్ను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి గొంతు తగ్గించారు. "గురివింద లేదమ్మా అందులో."

"ఏమిటండీ?"

"లేదు. ఒక్క గింజ కూడా వెయ్యం."

"అచ్చమ్మ దగ్గర ఏటా కొంటారు కదా!"

"కొంటాం. మా తాతగారి రోజుల్లో ఆకులూ వేళ్ళూ తెచ్చిచ్చే మనిషిని అవతలి బజారువాళ్ళు పట్టుకుని, ఏమేం కొంటున్నామో కూపీ లాగి మన నూనె చేసేశారు. అప్పట్నించీ, వాడని సరుకు ఒకటి ఏటా కొనడం మాకు ఆనవాయితీ. అడిగేవాడు అదే అసలు గుట్టు అనుకోవాలని. దాంతో ఎవడైనా నూనె కాస్తాడు, వాడి నూనెకి జుట్టు మొలవదు."

నాకు ఆనందం రావాలి కదా. రాలేదు. నన్ను ఓదార్చడానికి, లేదా కొడుకు బెదరకుండా అంటున్నారేమో. ఇంతసేపూ ఫోన్ ఎత్తని మనిషి మాట నేనెలా నమ్మను?

"చూపించండి" అన్నాను.

"ఏమిటీ?"

"వాడకపోతే గింజలు ఎక్కడో ఉండాలి కదండీ. ఎక్కడున్నాయి?"

మామయ్యగారు నన్ను అలా ఎప్పుడూ చూడలేదు. నేనూ ఆయనతో అలా ఎప్పుడూ మాట్లాడలేదు. "పైగదిలో, డబ్బాల్లో. తాళంచెవి ఇదిగో, నా మొలతాడుకి ఉంది. రేపు వెళ్ళాక..."

"రేపటి దాకా నేను ఆగలేనండీ. అత్తయ్యగారికి ఫోన్ చేస్తున్నాను. తాళం పగలగొట్టమనండి."

"పైగది తాళం పగలగొట్టడమా? శనివారం పూటా?"

మంచం మీంచి అనుదీప్ అన్నారు, "నాన్నా, చెప్పండి."

స్పీకరు పెట్టాను. అత్తయ్యగారికి మామయ్యగారే, నీళ్ళు నములుతూ, సంగతి చెప్పారు. అవతల గల్లాపెట్టె మూసిన చప్పుడు వినిపించింది. తర్వాత "దేంతో పగలగొట్టను?" అన్నారు ఆవిడ.

"అయిదు కిలోల తూకపురాయి ఉంది కదా, గల్లాపెట్టె కింద."

మెట్లెక్కుతున్న అడుగులు. ఆయాసం. ధన్. ధన్. ఆ చప్పుడు ఆస్పత్రి గదంతా నిండింది. నర్సు చేతిలో థర్మామీటరుతో నిలబడిపోయింది. ఏడో దెబ్బకి ఏదో నేలమీద పడింది.

"అబ్బ, ఏం దుమ్మండీ బాబూ! డబ్బాలున్నాయి. గోడ పొడుగూతా డబ్బాలే. ఒక్కొక్కదాని మీద సంవత్సరం రాసుంది."

"పోయినేటిది తెరవండి అత్తయ్యగారూ. నిండుగా ఉందా, వెలితిగా ఉందా చూడండి."

మూత కిర్రుమంది. తర్వాత వాన మొదటి చినుకులు రేకు మీద పడినట్టు చప్పుడు. "మూత తియ్యగానే ఒలికిపోయాయమ్మా. అంచుదాకా ఉన్నాయి. ఎర్రగా, చూపు చెదిరేట్టు."

"దాని ముందుది?"

"అదీ నిండుగానే."

"దాని ముందుది కూడా చూడండి. చేతులు కడుక్కోండి తర్వాత, సబ్బుతో."

అయిదు డబ్బాలు తెరిపించాను. అయిదూ నిండుగానే ఉన్నాయి. ఆరోది అడగలేదు. మంచం కోడు పట్టుకుని నేలమీద కూర్చుండిపోయాను. ఆయన సెలైను లేని చెయ్యి కిందికి చాచి నా జడ పట్టుకున్నారు.

ఫోన్లో అత్తయ్యగారు ఇంకా ఉన్నారు. "ముప్పై ఏళ్ళు నా నెత్తిమీద ఇన్ని గింజలు పెట్టుకుని నేను కింద కూర్చుని కొట్టు చూశానా! ఇంటికి రండి, చెప్తాను మీ పని."

గుమ్మంలోంచి అచ్చమ్మ అంది. నెమ్మదిగానే అంది. "ముళ్ళకంపల్లో చేతులు గీసుకుని ఏరానండి అయ్యగారూ. ఏటేటా. వాడరని ఒక్క మాట చెప్తే సగం ఏరేదాన్ని."

మామయ్యగారు తలెత్తలేదు. చేతిలో ప్రసాదం సంచి విప్పి, మళ్ళీ కట్టి, మళ్ళీ విప్పారు. "మంటకే ఆస్పత్రిలో చేర్చావనుకున్నానమ్మా. గురివింద అనుకుని హడలిపోతున్నావని తెలిస్తే ఫోన్లోనే అరిచి చెప్పేవాణ్ణి. మాట పూర్తిగా విననే లేదు నేను."

"నేనూ మిమ్మల్ని అడక్కుండానే తీశానండీ" అన్నాను.

డాక్టరుగారు వచ్చారు. అంతా విన్నారు. సంతోషించలేదు. కేసుషీటు తీసి "గింజ లేదు, బాగుంది. మరి ఈ బొబ్బలు దేంతో వచ్చాయి? అందులో ఉన్నవన్నీ నాకు కావాలి. రాయండి" అన్నారు.

గదిలో నర్సు ఉంది. అచ్చమ్మ ఉంది, పోతురాజు ఉన్నాడు. పక్కమంచం మనిషి తాలూకు ఇద్దరు బంధువులు ఊపిరి బిగబట్టి వింటున్నారు. మామయ్యగారు తలుపుకేసి చూశారు. వేస్తే బాగుండునన్నట్టు. నేను లేచి తలుపు వెయ్యలేదు. కేసుషీటూ పెన్నూ తీసుకున్నాను.

"చెప్పండి మామయ్యగారూ."

ఆయన గొంతు సవరించుకున్నారు. "మెంతులు" అన్నారు. అందరికీ తెలిసిన మెంతుల పేరు కూడా గుసగుసగానే అన్నారు. "ఉసిరి బెరడు. నీలి ఆకు." ఆగారు. కొడుకు తలమీది బొబ్బలకేసి చూశారు. "చిత్రమూలం వేరు."

అది కూడా నాకు తెలుసు. పచ్చిగా తగిలితే చర్మం కాలి బొబ్బలెక్కుతుంది. కాస్తే ఆ వాడి తగ్గుతుంది. చంపదు. చంపదు అని నాలో నేను మూడుసార్లు అనుకున్నాను. మిగతా మూడు పేర్లూ ఆయన చెప్పారు, నేను రాశాను.

డాక్టరుగారు కళ్ళజోడు పెట్టుకుని కాగితం కళ్ళకి దగ్గరగా పట్టుకున్నారు. "రేపు పొద్దుటి దాకా ఇక్కడే ఉంచుతాను. బొబ్బలు వారంలో మానతాయి, మచ్చ పడొచ్చు. అవును గానీ, నాలుగోది చదవడానికి రావట్లేదమ్మా. అదే కదా ముఖ్యం, మళ్ళీ రాయి."

షీటు తిరిగి తీసుకున్నాను. స్టూలు మీద పెట్టి, ఎడమచేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క అక్షరమే విడివిడిగా, పెద్దగా రాశాను.